నీ ఇల్లే అనుకో

మా ఇల్లు పోవడానికి రుమేనియా దేశమే కారణమని మా అత్తగారు అచ్చియమ్మ ఇప్పటికీ నమ్ముతున్నారు. ఆ దేశం ఎక్కడుందో ఆవిడకి తెలీదు. ఒడిశా దాటాక ఎక్కడో ఉంటుందని అంచనా. నన్నడిగితే తప్పు రుమేనియాది కాదు, ఇంటర్నెట్ తీగది. ఆ ఏడాది దసరా వెళ్లిన వారానికి అరకులో మా వీధికి ఆ తీగ వచ్చింది. కార్తీకం వచ్చేసరికి మా ఆయన మేధావి అయిపోయారు.

మా ఆయన జగన్నాథరావు. సంత వీధిలో కిరాణా కొట్టు. మధ్యాహ్నం రెండింటికి కొట్టు మూసి, అయిదింటిదాకా నిద్రపోవడం అప్పటిదాకా ఆయన అలవాటు. ఎవరికీ నష్టం లేని అలవాటు. తీగ వచ్చాక ఆ మూడు గంటలూ ప్రపంచ సినిమాకి అంకితం చేశారు.

మొదటిది రుమేనియాది. ఒక విధవరాలి వంటింట్లో కొళాయి కారుతుంటుంది. బాగుచేసే మనిషి కోసం ఆవిడ ఎదురుచూస్తుంది. రెండు గంటల నలభై నిమిషాలు చూస్తుంది. వాడు రాడు. అయిపోయింది.

"ఇంతకీ కొళాయి బాగుపడిందేట్రా?" అన్నారు మా అత్తగారు.

"అది కాదమ్మా పాయింటు."

"మరి ఆవిడకి నీళ్లెలగ?"

"ఇది నీళ్ల గురించి కాదమ్మా. ఒంటరితనం గురించి."

"ఒంటరితనం గురించైతే కొళాయెందుకు సూపించినాడు, ఎదవ?"

ఆ సినిమా గురించి లోకంలో ఎవరు ఎన్ని రాశారో నాకు తెలీదు గానీ, అంతకన్నా మంచి విమర్శ వచ్చి ఉండదు. మా ఆయన మాత్రం 'ప్రపంచ సినిమా పరిశీలకులు' అనే వాట్సాప్ గ్రూపులో చేరి, 'ఇందులో మౌనమే కథానాయకుడు' అని రాశారు. రెండు వందల పన్నెండు మంది ఉన్న గ్రూపు అది. ఒక చేత్తో మిరపకాయ బజ్జీ తింటూ, రెండో చేత్తో మౌనం గురించి రాసేవారు. ఫోను తుడిస్తే గుడ్డకి జిడ్డు అంటేది.

ఆ చలికాలం నేను చూసినంత అసహ్యం జన్మలో చూడలేదు. తైవాన్ సినిమాలో ఒకడు నాలుగు నిమిషాలు వాంతి చేసుకున్నాడు. దగ్గర్నుంచి చూపించారు. నేను పెరుగన్నం తింటున్నాను. ఫిన్లాండ్ సినిమాలో ఒక ముసలాయన, ఒక కుక్క మంచుకేసి చూస్తూ కూర్చున్నారు. "మంచే కావాలంటే కిటికీ తెరుద్దామా?" అన్నాను. "అది అరకు మంచే. ఇది ఫిన్లాండ్ మంచు," అన్నారు ఆయన జాలిగా. ఎక్కడో అడవిలో దుంపలు తవ్వుకునే కుటుంబం కథ చూసిన రోజు తువ్వాలు తడిసేలా ఏడ్చారు. అయిదింటికి కొట్టు తెరిచారు. కొండ మీంచి రాజ్‌మా తెచ్చిన మనిషికి 'తేమ ఉంది' అని తూకంలో రెండు కిలోలు తీసేశారు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

నాకు అర్థమైనంతవరకు ప్రపంచ సినిమా అంతా ఒక్కటే. లేనివాళ్లెవరో మాట్లాడకుండా కూర్చుంటారు. కెమెరా కదలదు. చూసి మనలాంటివాళ్లు ఏడుస్తారు. తర్వాత కాఫీ తాగుతారు.

చిలీ సినిమా ఒకదాన్ని మాత్రం మా ఆయన చీల్చి చెండాడారు. అందులో ఒకడు ఉత్తరం చదువుతూ ఉంటాడు.

"అది తెల్ల కాయితం! వాడి కళ్లు కదల్లేదు చూశావా? కెమెరాకి అబద్ధం తెలిసిపోతుందే, బిందూ!"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా ఇల్లు ఈ మాటకే పోయింది.

ఇల్లు అంటే ఇల్లు కాదు. అరకులో మాలాంటి కొండ కింద నుంచి వచ్చిన వాళ్లకి భూమి కొనే హక్కు లేదు. చట్టం ఒప్పుకోదు. గిరిజనుల పేరు మీదే ఉండాలి. అందుకని చోడవరం నుంచి వచ్చిన మా మావగారు కట్టిన ఆరు గదుల ఇల్లు కొర్రా సోములు పేరు మీద ఉంది. సోములు మా కొట్లో ముప్ఫయ్యేళ్లు మూటలు మోశాడు. కరెంటు బిల్లు అతని పేరున వచ్చేది. మేం కట్టేవాళ్లం. పట్టా కాయితం మాత్రం మా బీరువాలో ఉండేది. కాయితం ఎవరి బీరువాలో ఉంటే ఇల్లు వాళ్లది. ఇది మా సంత వీధి పద్ధతి. కోర్టుకి పనికిరాదు గానీ, కోర్టుకి వెళ్లేదెవరు? ఏటా దసరాకి సోములు వస్తాడు. మెట్ల మీద కూర్చుంటాడు. మెట్టు దాటి పైకి రాడు. అతనికి ఒక పంచె, అతని పెళ్లాం రాజులమ్మకి ఒక చీర ఇస్తాం. భోజనం పెడతాం. దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. ఆ దణ్ణంతో ఇంకో ఏడాది ఇల్లు మాది.

కార్తీక పౌర్ణమి వెళ్లాక గ్రూపులోంచి ఒకమ్మాయి దిగింది. తేజస్వి. హైదరాబాదు. చిన్న బడ్జెట్ సినిమా తీస్తోందట. కొండల్లో ఒక ముసలాయన తన ఇంట్లో ఒంటరిగా కూర్చుంటాడు. అదే కథ. మా ఆయన రాతలు చదివి, "అరకులో మీలాంటి సెన్సిబిలిటీ ఉన్నవాళ్లు ఉన్నారంటే నమ్మలేకపోయాను అంకుల్," అంది. మా ఆయన మొహం చూడాలి. నన్ను పెళ్లిచూపుల్లో చూసినప్పుడు కూడా అంత వెలగలేదు.

"ఇల్లు మాది వాడుకోండి. నటుడు వద్దు. మా సోములు ఉన్నాడు. ముడి సరుకు," అన్నారు.

"ఏట్రా ఆ గుంట కోసం ఇల్లొదిలీమంటావేటి?" అన్నారు మా అత్తగారు.

"ముందు గదులేనమ్మా. మనం వెనక గదిలోకి సర్దుకుందాం. మూడు వారాలే."

తేజస్వి ముందు గదంతా కలియజూసి, "చాలా ఆర్టిఫిషియల్‌గా ఉంది ఆంటీ," అంది ప్రేమగా. సోఫా బయటికి పోయింది. షోకేసు పోయింది. అందులో నేను పదహారేళ్లుగా తుడుస్తున్న గాజు హంసలు అట్టపెట్టెలో పడ్డాయి. దండేసిన మావగారి ఫొటో కూడా ఫ్రేముకి అడ్డమే అయింది. ఆయన్ని తీసుకెళ్లి వెనక గదిలో గ్యాసుబండ పక్కన పెట్టారు. ఆ తర్వాత టైల్స్. కిందటేడే వేయించిన తెల్ల టైల్స్ మీద ఎర్రమట్టీ పేడా కలిపి రాజులమ్మ చేత అలికించారు. గది మధ్య మూడు రాళ్ల పొయ్యి పెట్టారు. రాజులమ్మ తన కుండలూ, చేటలూ, రేకు పెట్టె మోసుకొచ్చింది. మాకు కనబడే మట్టుకు ఆ ఇల్లు మాది అనడానికి ఆనవాలు ఒక్కటే మిగిలింది. తులసి కోట. అందులో కెమెరా కుర్రాడు సిగరెట్ పీకలు గుచ్చాడు.

"ఇదీ నిజమైన ఇల్లు!" అన్నారు మా ఆయన గుమ్మంలో నిలబడి. చెప్పులిప్పి మరీ లోపలికి వెళ్లారు. టైల్స్ మీదికి ఏనాడూ చెప్పులిప్పి వెళ్లలేదు ఆయన.

మొదటి రోజు సోములు అలవాటు ప్రకారం వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"అక్కడ కాదు సోములూ. ఆ కుర్చీలో కూకో," అన్నారు మా ఆయన.

అది మావగారి పడక కుర్చీ. సోములు వచ్చి దాని అంచు మీద, ఎవరో లేపేస్తారేమో అన్నట్టు కూర్చున్నాడు. తేజస్వికి నచ్చలేదు. మూడుసార్లు తీసింది. మా ఆయన కెమెరా వెనక తల పట్టుకున్నారు.

"అలగ కాదు సోములూ. నటించకు. నీ ఇల్లే అనుకో."

"అనుకోడమేటి బాబూ," అన్నాడు సోములు మెల్లిగా. "నాదే గదా. కరెంటు బిల్లు మీద నా పేరే గదా."

మా అత్తగారి చేతిలో అడకత్తెర ఆగిపోయింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. రాజులమ్మ పొయ్యి ఊదడం మానేసింది. మా ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తేజస్వి వైపు తిరిగి, గుసగుసగా, "చూశారా! పాత్రలోకి దిగిపోయాడు!" అన్నారు.

సోములు కుర్చీలో వెనక్కి వాలాడు. కాళ్లు చాపాడు. తేజస్వి ఓకే చేసింది.

ఆ తర్వాత పదిహేను రోజులు సోములు ఆ కుర్చీలో కూర్చున్నాడు. చుట్ట కాల్చాడు. కిటికీలోంచి మంచు చూశాడు. మేం వెనక గదిలో ముగ్గురం ఒక మంచం, ఒక మడత మంచం, ఒక గ్యాసుబండా. మధ్య వంటిల్లు. షూటింగు ఉన్నంతసేపు కుక్కరు పెట్టకూడదు. దగ్గకూడదు. 'సౌండ్ రోలింగ్' అని అరిచారంటే మా ఇంట్లో ఈగ కూడా అనుమతి తీసుకుని వాలాలి. అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఎర్రబడి, కళ్లతోనే కొడుకుని తిట్టేవారు.

ఆఖరి రోజు పెద్ద సీను. ముసలాయన పెట్టె తెరిచి, తన ఇంటి కాయితం తీసి చూసుకుంటాడు. అంతే. ఒకే షాట్. తేజస్వి పాత కాయితం ఏదన్నా జిరాక్స్ తీసి ఇమ్మంది. మా ఆయన నవ్వారు.

"జిరాక్సా? కెమెరాకి తెలిసిపోతుందమ్మా. చిలీ సినిమా గుర్తులేదా?"

బీరువా తెరిచి అసలు పట్టా తెచ్చారు.

"ఒరే జగ్గూ! బుద్ధుందేట్రా?" అన్నారు అత్తగారు.

"అయిదు నిమిషాలమ్మా. మన కళ్ల ముందే కదా."

పెట్టెకి తాళం లేదని రాజులమ్మ నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, పెట్టికి తాలం గావాలంట. ఆ పాప అడగమంది." మా ఆయన కెమెరా దగ్గర ఉన్నారు, నేనే కొట్లోంచి కొత్త తాళం తెప్పించాను. దానికి రెండు తాళంచెవులు. ఒకటి తాళంతో పాటు ఇచ్చాను. రెండోది నా పుస్తెల తాడుకున్న పిన్నీసుకి తగిలించుకున్నాను. ఎవరికి ఏ తాళం ఇచ్చినా ఒక చెవి నా దగ్గర ఉంచుకోవడం నా బుద్ధి. ఆలోచించి చేసింది కాదు.

"సౌండ్ రోలింగ్!"

నేను వంటింటి గుమ్మంలో కర్టెన్ పట్టుకుని నిలబడ్డాను. సోములు పెట్టె తెరిచాడు. కాయితం తీశాడు. అతనికి చదవడం రాదు. కానీ కళ్లు కదిలాయి. పై నుంచి కింద దాకా, మళ్లీ పై దాకా. స్టాంపు మీద వేలు పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. మా ఆయన గుండె మీద చెయ్యేసుకున్నారు. ఇక్కడ షాట్ అయిపోవాలి. తేజస్వి కట్ చెప్పలేదు.

సోములు కాయితం నాలుగు మడతలు పెట్టాడు. పెట్టెలో రాజులమ్మ చీర కింద పెట్టాడు. మూత వేశాడు. తాళం వేశాడు. లాగి చూశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. రెండు ముళ్లు వేశాడు. తర్వాత వెళ్లి కుర్చీలో కూర్చుని కిటికీకేసి చూశాడు.

మా అత్తగారి గొంతులోంచి ఏదో సన్నని శబ్దం వచ్చింది. నా వైపు చూశారు. అరవమని. నేను అరవగలను. సంతలో ఈ చివర్నుంచి ఆ చివరకి వినబడేలా అరవగలను. అందరికీ తెలుసు. కానీ సౌండ్ రోలింగ్‌లో ఉంది. నేను కర్టెన్ పట్టుకుని నిలబడ్డాను.

పదకొండు నిమిషాలు.

"కట్," అంది తేజస్వి, ఏడుస్తూ. "స్క్రిప్ట్‌లో లేదు అంకుల్ ఇది. దేవుడిచ్చాడు."

మా ఆయన కూడా ఏడుస్తున్నారు. ముందు ఆనందంతోనే.

మర్నాడు యూనిట్ రైలెక్కి వెళ్లిపోయింది. సోములు కుర్చీలోనే ఉన్నాడు.

"షూటింగ్ అయిపోయింది సోములూ."

"అయిపోనాది బాబూ. బాగయింది."

"మరి కాయితం ఇచ్చీ."

"పెట్లో ఉంది బాబూ."

"అదే, తీసి ఇచ్చీ."

"నాది నా పెట్లో ఉంది బాబూ." గొంతులో కోపం లేదు. రాజ్‌మా ధర చెప్తున్నట్టుంది.

మా ఆయన చొక్కా వేసుకుని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరారు. "ఏమని రాయిస్తారు?" అన్నాను. "సోములు ఇంట్లో సోములు కూర్చున్నాడనా?" గేటు దాకా వెళ్లి ఆగారు. చాలాసేపు ఆగారు. ఫిన్లాండ్ ముసలాయనలా మంచుకేసి చూశారు. కుక్క ఒక్కటే తక్కువ.

తిరిగొచ్చి, "సోములు గారూ," అన్నారు. మా ఇంట్లో ఆ మనిషికి ముప్ఫయ్యేళ్లలో మొదటి గారు అది. "కుదురుగా మాట్లాడుకుందాం."

"మాటాడదాం బాబూ. కూకోండి," అని సోములు మెట్లు చూపించాడు. కుర్చీ ఒక్కటే ఉంది మరి. "మీరు ఎల్లిపోనక్కర్లేదు. ఎనక గది బాగుంది గదా. సినిమాకి అలవాటయిపోనారు."

ఆ పుష్యమాసమంతా మా ఆయన వెనక గదిలో తాళం గురించే మాట్లాడారు. పగలగొడదామా? మొలతాడు కోద్దామా? వాళ్లు సంతకెళ్లినప్పుడు పెట్టే ఎత్తుకొద్దామా? పగలగొడితే కేసు, అదీ గిరిజనుల ఇంట్లో దొంగతనం కేసు అని ఎవరో వకీలు చెప్పాడు. "దానికి మారు తాళంచెవి ఉంటే బాగుండును," అన్నారు ఒకరోజు, మజ్జిగ తాగుతూ. మీసాలకి మజ్జిగ అంటింది. తుడుచుకోలేదు. నేను మెడ మీదికి కొంగు సర్దుకున్నాను. ఎందుకు చెప్పలేదంటే, ఆ మీసాలు చూస్తే చెప్పాలనిపించలేదు. రేపు చెప్దామనుకున్నాను. రోజూ రేపే అనుకున్నాను.

శుక్రవారం సంత. సోములు దంపతులు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వస్తారు. పెట్టె ముందు గదిలోనే ఉండేది. అటువంటి శుక్రవారాలు నాలుగు వెళ్లాయి. రెండుసార్లు ముందు గదిలోకి వెళ్లాను. ఒకసారి తాళంలో చెవి కూడా పెట్టాను.

అయిదో శుక్రవారం రాజులమ్మ సంతకి వెళ్లలేదు. పెరట్లో బరకం పరిచి కాఫీ పళ్లు ఎండేస్తోంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. పుచ్చు పళ్లు ఏరిపెట్టాను. ఊరికే కూర్చోవడం నాకు రాదు.

"నీ వంటగది ఉంది సూడమ్మా, అక్కడ పనస సెట్టు ఉండీది," అంది. "మా మావ ఏసినాడు. నాను కోడలిగా వచ్చినపుడు కాయలు కింద దాకా కాసీవి. ఈ గుంట బాగా తింటాదని మా అత్త నవ్వీది."

"మీదా ఈ స్థలం?" అన్నాను. పేరు అరువిచ్చారనే అనుకున్నాను అన్నేళ్లూ. స్థలం కూడా వాళ్లదేనని ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

"మాదే గదా. మీ మావగారు మా మావకి రెండు బస్తాలు బియ్యం, ఒక రేడియో ఇచ్చినారు. మా మావకి రేడియో అంటే పిచ్చి."

"రేడియోకా?"

"ఊఁ. మూడు నెలలు పలికింది. మల్లీ బ్యాటరీలు కొనలేదు." నవ్వింది. నిజంగానే నవ్వింది. "ఆ రేడియో ఇంకా ఉందమ్మా. పెట్లోనే ఉంది. సూస్తావేటి?"

చూడనన్నాను. లోపలికి వెళ్లి, పిన్నీసు విప్పి, తాళంచెవి తీసి తెచ్చాను. పుచ్చు పళ్లు ఏరిన చేటలో పెట్టాను. రాజులమ్మ దాన్ని చూసింది. నన్ను చూసింది. ఎన్నాళ్ల నుంచి నా దగ్గర ఉందో లెక్కేసుకుంది కాబోలు. చెంగున ముడేసుకుని, "ఎండ పోతంది, బేగి తిరగేయమ్మా," అంది. ఇద్దరం కాఫీ పళ్లు తిరగేశాం.

సినిమా ఆషాఢంలో వచ్చింది. ఫోన్‌లో చూసే ఏదో యాప్‌లో. టీవీకి తగిలించుకుని వెనక గదిలో ముగ్గురం చూశాం. మంచం మీద మా ఆయన, మడత మంచం మీద అత్తగారు, గ్యాసుబండ మీద నేను. గోడ అవతల రాజులమ్మ పొయ్యి ఊదే చప్పుడు వినబడుతోంది. టీవీలోనూ అదే చప్పుడు.

తాళం సీను వచ్చింది. పదకొండు నిమిషాలూ ఉంచింది ఆ పిల్ల. ఫ్రేములో కుడి మూల, వంటింటి కర్టెన్ అంచున నాలుగు వేళ్లు కనిపిస్తున్నాయి. కర్టెన్‌ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గాజులు కూడా కనిపిస్తున్నాయి. ఏ సినిమాలోనైనా గోడ మీద బల్లిని కూడా వదలని మా ఆయన అది చూడలేదు. ఆయన తాళాన్నే చూస్తున్నారు.

"ఈ రుమేనియావోళ్ల సినిమా బాగునేదురా," అన్నారు అత్తగారు, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

మా ఆయన ఫోను తీశారు. గ్రూపులో ఆర్నెల్ల తర్వాత మళ్లీ రాయడం. బజ్జీ లేకుండా రాశారు. రాసింది మాకు చదివి వినిపించారు.

'నటన సహజం. దర్శకత్వం బాగుంది. ముగింపు మాత్రం నమ్మశక్యంగా లేదు. ముఖ్యంగా తాళం సన్నివేశంలో పెద్ద లోపం ఉంది. కిరాణా కొట్టు నడిపేవాడిగా చెబుతున్నాను, ఏ కొత్త తాళానికైనా రెండు తాళంచెవులు వస్తాయి. రెండోది ఎవరి దగ్గర ఉందో దర్శకురాలు ఎక్కడా చెప్పలేదు. అయిదుకి రెండు.'

"కరెక్టే కదా?" అన్నారు నా వైపు తిరిగి.

కరెక్టే. కానీ నేను ఆ గ్రూపులో లేను. లేచి, కుక్కరు పెట్టాను.